చిన్న మామిల్లేరియాకు వానాకాలమే గండం

చిరంజీవి సరోజకు, పర్లాకిమిడి నుండి మీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

బరంపురంలో కొన్న మామిల్లేరియా అనే చిన్న కాక్టస్ (ముళ్ళ మొక్క) మీ గుణుపురం ఎండను తట్టుకుంటుందా అని నీవు అడిగావు. ఎండను గురించి దిగులు పడనక్కరలేదు. దాని పుట్టినిల్లు మెక్సికో. మన ప్రాంతంలో దానికి ముప్పంతా జూన్ నుండి సెప్టెంబరు వరకు కురిసే వానలలోనూ, అక్టోబరులో 2018 నాటి తిత్లీ వంటి తుపానులు తెచ్చే ముసురులోనూ ఉన్నది. మెక్సికోలోనూ వానలు ఎక్కువగా వేసవిలోనే పడతాయి గాని, రాతినేల మీద పడిన నీరు నిలవక జారిపోయి, పొడిగాలికి వేళ్ళు త్వరగా ఆరిపోతాయి. మన కుండీలలో మట్టి రోజుల తరబడి తడిగానే ఉండడం వలన అడుగున మొదలైన కుళ్ళు పైకి ఎక్కే వరకు మనకు తెలియదు. అందుచేత వానాకాలమంతా జల్లు కొట్టని, గాలి ఆడే, వెలుతురు బాగా పడే చూరు కింద దానిని ఉంచు. గదిలో మాత్రం పెట్టకు.

మొక్క కన్నా కొద్దిగా మాత్రమే వెడల్పైన, అడుగున చిల్లి గల మట్టి కుండీ తీసుకో. ఒక పాలు తోటమట్టికి రెండు పాళ్ళు కడిగిన వంశధార ముతక ఇసుక, ఇటుక నలుసు కలుపు. గోపాలపురం సముద్రపు ఇసుక ఎంత అందంగా ఉన్నా ఉప్పు ఉంటుంది కనుక పనికిరాదు. కుండీ మార్చాక, తెగిన వేళ్ళు మానే వరకు, వారం రోజులు నీరు పోయవద్దు.

పువ్వులు కావాలంటే డిసెంబరు, జనవరి నెలలలో దాదాపు నీరు మానేసి, వెలుతురులో చలికి వదలాలి. మొక్క కాస్త ముడుచుకుంటుంది. జాలిపడి నీరు పోసేవారికి పువ్వులు తక్కువ. క్రిందటి ఏడు పెరిగిన బుడిపెల సందులలో నుండి నెత్తి చుట్టూ కిరీటంలా మొగ్గలు వస్తాయి గనుక, వానాకాలంలో ఎండ చాలని మొక్క ఎంత చలికి ఉన్నా సరిగా పూయదు. మొగ్గలు కనబడ్డాక, మట్టి పూర్తిగా ఆరిన ప్రతిసారీ నీరు పోయాలి.

నర్సరీవారు కొన్ని మొక్కల నెత్తిన ఎండుపువ్వులను జిగురుతో అంటించి అమ్ముతారు, ఇది నాకు నచ్చని పని. నీ మొక్క మీద అటువంటిది ఉంటే మెల్లగా ఊడదీయి. ముళ్ళ మధ్య తెల్లని దూదిలా పిండినల్లి కనిపిస్తే, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, మొక్కను రెండు రోజులు నీడన ఉంచు.

ఇట్లు,
మీ పెదనాన్న