అల్లుడూ, ఆదివారం ఆ రిమ్ము ముట్టుకోకముందు ఇది చదువు

అల్లుడూ,

నువ్వు ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ కొన్నావనీ, ట్రాక్టరు ట్రక్కు పనులు ఇకమీదట ఇంటి దగ్గరే చేసుకుంటావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నిజంగా సంతోషం వేసింది. బెజవాడ ఆటోనగర్‌లో ఇన్నేళ్లు పొగ పీల్చినవాడిని, నా చెల్లెలి కొడుకు వెల్డింగ్ రాడ్డు పట్టుకుంటున్నాడంటే గర్వంగా ఉండదా? కానీ ఫోన్ పెట్టేసే ముందు అమ్మ ఇంకో మాట అంది, ట్రక్కు వెనక చక్రం రిమ్ము చిట్లిందట, ఆదివారం నువ్వే అతికిస్తావట. ఆ మాటతో నాకు రాత్రంతా నిద్ర లేదు. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటూ పెట్టేస్తావు కాబట్టి రాసి పంపుతున్నాను.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. కాటన్ బట్టలే వేసుకో, పాలిస్టర్ చొక్కా మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. చెప్పులు వద్దు, బూట్లు వేసుకో, ప్యాంటు అంచు మడవకు. జేబులో లైటరు పెట్టుకోకు. ట్రాక్టరు మీదే పని అయితే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయి, ట్రక్కు మీద అయితే ట్రాక్టరు నుంచి విడదీసి దూరంగా పెట్టు. ఎర్త్ క్లాంపు అతికించే చోటుకి దగ్గరగా, తుప్పు గీకిన ఇనుము మీద పెట్టు. ఎక్కడో దూరంగా పెడితే కరెంటు చక్రం బేరింగుల్లోంచి దారి వెతుక్కుని వాటిని పాడు చేస్తుంది. అతుకు మీద గట్టిపడిన స్లాగు పెంకు కొట్టేటప్పుడు తెల్ల కళ్లజోడు తీయకు. గ్రైండరు గార్డు ఎవడు తీసేయమన్నా తీయకు.

ఇక రిమ్ము సంగతి.

మా షెడ్డులో నాకన్నా ముందు పని నేర్చినవాడు ఒకడు ఉండేవాడు, చెయ్యి అద్భుతంగా ఆడేది, వాడు వేసిన కుట్టు, అంటే వెల్డింగ్ అతుకు, చూసి మేస్త్రి కూడా మెచ్చుకునేవాడు. చెరకు తోలే రోజులు. ఉయ్యూరు వైపు నుంచి ఒక రైతు ట్రక్కు తోలుకొచ్చాడు, రిమ్ము మీద బెత్తెడు చీలిక, బయట ఇంకో రెండు బళ్లు ఎదురుచూస్తున్నాయి, రైతు నిలబడి తొందర పెడుతున్నాడు. టైరు ఊడదీయాలంటే పక్కన పంక్చర్ షాపుకి దొర్లించాలి, గంట పని. వాడు గాలి సగం దించాడు, చక్రం బండికే ఉంచి అతికించడం మొదలుపెట్టాడు. ఒక వైపు కుట్టు వేశాడు, ఏమీ కాలేదు. రబ్బరు కాలిన వాసన వస్తూనే ఉంది. ఆ వాసన మా అందరికీ తెలుస్తోంది, కానీ షెడ్డులో ఎప్పుడూ ఏదో ఒకటి కాలుతూనే ఉంటుంది కదా, ఎవరం పట్టించుకోలేదు. మేస్త్రి నన్ను టీ తెమ్మని పంపాడు. నేను రోడ్డు దాటానో లేదో వెనక నుంచి ఆ శబ్దం వచ్చింది. ఇప్పటికీ దీపావళికి పెద్ద బాంబు పేలితే నా ఒళ్లు జలదరిస్తుంది. పరుగెత్తుకొచ్చేసరికి వాడు షట్టరు పక్కన పడి ఉన్నాడు, నల్ల అద్దం ముక్కలైంది. ప్రాణం దక్కింది. కుడి మోచెయ్యి మాత్రం మళ్లీ పూర్తిగా మడతపడలేదు, ఒక చెవి వినపడదు. అంత చెయ్యి ఉన్నవాడు ఆ తర్వాత పాన్ షాపు పెట్టుకున్నాడు. ఆ రైతు పది అడుగుల దూరంలో, చక్రానికి ఎదురుగా కాకుండా ట్రక్కు ముందు వైపు ఉన్నాడు, అందుకే బతికాడు.

ఎందుకు పేలిందో చాలా ఏళ్లకు గానీ నాకు సరిగ్గా అర్థం కాలేదు. వేడికి లోపలి గాలి ఉబ్బి పేలిందనే అనుకునేవాళ్లం. అది సగమే నిజం. రిమ్ము కాలితే దాన్ని ఆనుకుని ఉన్న రబ్బరు లోపల కుమిలి మండే వాయువులు వదులుతుంది, అవి గాలితో కలిసి లోపలే అంటుకుంటాయి, అప్పుడు పుట్టే ఒత్తిడిని ఏ టైరూ ఆపలేదు. కాబట్టి వాల్వు పిన్ను పీకేసి గాలి మొత్తం దించేశాను కదా అనుకోవడం కూడా తప్పే, ఆ చిన్న కంత చాలదు. ఇంకో సంగతి విను, మంట తీసేశాక కూడా చాలాసేపటికి పేలినవి ఉన్నాయి. చక్రం నట్టు బిగుసుకుపోయిందని గ్యాసుతో కాల్చడం, టైరు ఉన్న రిమ్ముకి రాడ్డు తగిలించడం, రెండూ ఒకటే. ఎక్కడైనా ఎవరైనా అలా చేస్తుంటే అక్కడ నిలబడి నేర్చుకోవాలని చూడకు, వెళ్లిపో.

పైగా నీ రిమ్ము బోల్టు రంధ్రాల దగ్గర చిట్లిందంటున్నారు. టైరు ఊడదీసినా దాన్ని అతికించవద్దు. అక్కడ బరువు పడి పడి ఇనుము అలిసిపోయి ఉంటుంది, నువ్వు కుట్టు వేస్తే పక్కనే ఇంకో చీలిక పుడుతుంది, అది వడ్ల లోడుతో కాలవగట్టు మీద పోతున్నప్పుడు తెలుస్తుంది. సైజు చెప్పు, ఇక్కడ పాత సామాను షాపుల్లో మంచి రిమ్ము నేను చూసి పంపుతాను. అలాగే స్టీరింగు రాడ్లు, ఇరుసు, కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు), మోటారు సైకిల్ ముందు ఫోర్కు, వీటి జోలికి వెళ్లకు. కమాన్ పట్టీ స్ప్రింగు ఉక్కు, మామూలు రాడ్డుతో అతికిస్తే కుట్టు పక్కన గాజులా పెళుసైపోతుంది. ట్రక్కు అడుగు రేకులు, పక్క తలుపులు, మడత బందులు, మడ్‌గార్డు, సైలెన్సరు క్లాంపు, చేతికి పని నేర్పడానికి ఇవి చాలు. 2.5 ఎం.ఎం. రాడ్డుతో 70, 80 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టు.

ఏది ముట్టుకున్నా ముందు ఆ ఇనుము వెనక ఏముందో చూడు. మూసి ఉన్నది ఏదైనా నాకు భయమే. షాక్ అబ్జార్బరులో నూనె, కొన్నింట్లో గ్యాసు కూడా ఉంటుంది. రెండు వైపులా మూసిన పైపుకి ముందు రంధ్రం వేయాలి. మీ నాన్న మోటారు సైకిల్ పెట్రోల్ ట్యాంకు కారుతోందని విన్నాను, దాన్ని నువ్వు ముట్టుకోవడం లేదు, ఇందులో వాదన లేదు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. గాలిలో పెట్రోల్ ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్ల దగ్గర్నుంచి ఏడున్నర పాళ్ల దాకా ఉంటే చాలు, నిప్పురవ్వకి పేలుతుంది, ట్యాంకు అడుగున మడతల్లో దాగిన చుక్కలే ఆ పని చేస్తాయి. సర్ఫు వేసి కడిగి ఎండలో పెట్టామంటారు, దాన్ని నమ్మకు. కొత్త ట్యాంకు కొనమను.

కళ్ల గురించి నీకు వేరే చెప్పాలా? నువ్వు రెండో తరగతిలో ఉండగా సెలవులకు వచ్చి, నేను అడ్డం కట్టిన గోనెపట్టా పక్కనుంచి తొంగి చూశావు. పగలంతా ఆడుకున్నావు, అర్ధరాత్రి లేచి కళ్లలో ఇసుక పోసినట్టుందని ఒకటే ఏడుపు. మీ అమ్మమ్మ బంగాళాదుంప ముక్కలు పెట్టి తెల్లవార్లూ ఒడిలో పడుకోబెట్టుకుంది. ఆర్క్ వెలుగు కంటికి కొడితే వెంటనే తెలియదురా, కొన్ని గంటల తర్వాతే మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అలా అయితే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు. నొప్పి తెలియకుండా చేసే చుక్కలు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు, కన్ను మానదు. ఇప్పుడు మీ ఇంట్లో అక్క పిల్లలు ఉన్నారు, వెలుగు చూస్తే చేరతారు. అడ్డం కట్టు, వాళ్లని లోపల కూర్చోబెట్టాకే రాడ్డు తగిలించు.

మిషన్‌కి పంపు మోటారు వైరు మీంచి కలిపిన కరెంటు వద్దు, ఎర్తింగు ఉన్న లైను ఎలక్ట్రీషియన్ చేత వేయించు. రాడ్డు అంటించకపోయినా హోల్డరులో 60, 70 వోల్టులు ఉంటాయి. చెమట పట్టిన చేత్తో, తడి నేల మీద కూర్చుని రాడ్డు మార్చేవాడికి అవి చాలు. నేలమీద పొడి చెక్క వేసుకో.

జీఐ రేకు అతికించాలంటే పైన జింకు పూత గ్రైండరుతో తీసేయి, లేకపోతే ఆ తెల్ల పొగకి సాయంత్రం చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే, బెల్లం తింటే ఏం కాదని షెడ్డుల్లో అందరూ అంటారు, పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి, పాలు వెళ్లేది కడుపులోకి. గాలి నీకు పక్క నుంచి వీచేలా కూర్చో. స్ప్రే డబ్బాల్లో వచ్చే బ్రేక్ క్లీనరుతో తుడిచిన ఇనుము మీద ఆర్క్ కొట్టకు, కొన్నింట్లో క్లోరిన్ మందు ఉంటుంది, దాంతో ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టు.

మీ పాక పక్కనే గడ్డివాము ఉంది. రవ్వలు పది మీటర్లు పోతాయి. అటు పక్క పని పెట్టుకోకు, పెరట్లో బావి దగ్గర ఖాళీలో పెట్టుకో, బకెట్టుతో నీళ్లు, ఇసుక దగ్గర ఉంచుకో (నీళ్లు మిషన్ ఆపి ప్లగ్గు తీశాకే), పని అయిపోయాక కూడా అరగంట అక్కడే ఉండి చూడు.

తోలు గ్లౌజులు, ఏప్రాను, 11 నంబరు నల్ల అద్దం ఉన్న స్క్రీను ఆర్టీసీ కార్గోలో వేశాను, శనివారం బస్టాండుకి వెళ్లి తెచ్చుకో. అమ్మకి చెప్పు, నేను కోప్పడలేదని. రిమ్ము సైజు టైరు పక్కన రాసి ఉంటుంది, ఫోటో తీసి ఇవాళే పంపు.

మీ మామయ్య