బడి నాటకాల ఏడాది ముగిశాక నేను చూసుకునే సంగతి

ఈ ఏడాది వార్షికోత్సవంలో తొలిసారి పిల్లల చేత నాటకం వేయించారని, అది బాగానే జరిగినా మర్నాటి నుంచి మనసంతా వెలితిగా ఉందని, బహుమతి కూడా లేని పనికి పిల్లల సమయం ఇంతగా తీసుకోవడం సబబేనా అని మీరు అడిగారు. విజయనగరం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతూ చాలా ఏళ్లుగా పిల్లల చేత నాటకాలు వేయిస్తున్నాను కనుక నా అనుభవం నుంచి చెబుతాను. ముమ్మాటికీ సబబే. ఏడాది చివర తెర దించాక నేను చూసుకునేది ఒక్కటే: ఈ పిల్లలు ఎదుటివారి మాట వినడం నేర్చుకున్నారా?

ఈసారి మేము కన్యాశుల్కం మొదటి అంకంలో గిరీశం, వెంకటేశం కలుసుకునే ఘట్టం వేశాం. ఆ నాటకం 1892లో తొలిసారి ప్రదర్శితమైంది విజయనగరంలోనే. అందులోని బొంకుల దిబ్బ మా పిల్లలు ఎరిగిన చోటే. గిరీశం వేషానికి ఎప్పుడూ పోటీ ఉంటుంది. వెంకటేశం వేషానికి మాత్రం బతిమాలుకోవాలి, ఎందుకంటే గుక్కతిప్పుకోకుండా మాట్లాడేది గిరీశం, వెంకటేశానికి దక్కేవి పొట్టి జవాబులు. కానీ ఆ ఘట్టం నిలబడేది వెంకటేశం మీదనే. పరీక్ష తప్పి, ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలా అని బెంగపడుతున్న కుర్రవాడు గిరీశం కోతలను నోరు తెరుచుకుని వింటూ ఉంటేనే ఆ కోతలకు ప్రేక్షకులు నవ్వుతారు.

ఆ వేషం వేసిన తొమ్మిదో తరగతి కుర్రవాడు మొదట్లో గిరీశం డైలాగులను తానూ పెదవులతో కదుపుతూ, తన వంతు ఎప్పుడొస్తుందా అని నేల చూపులు చూస్తూ నిలబడేవాడు. పిల్లల నాటకాలు చూసినవారందరికీ పరిచయమైన దృశ్యమే ఇది. అతనికి తెలియకుండా గిరీశం పాత్రధారితో మాట్లాడి, రిహార్సల్‌లో ఒక్కోసారి వాక్యం మధ్యలో ఆగమని, ఒక్కోసారి కోపంగా చెప్పవలసిన మాటను బుజ్జగింపుగా చెప్పమని పురమాయించాను. తన వంతుకు ముందొచ్చే మాట కోసమే కాచుకుని ఉన్న కుర్రవాడు రెండు మూడు సాయంత్రాలు తికమకపడి, ఆ తర్వాత తల ఎత్తి ఎదుటివాడి ముఖం చూడడం మొదలుపెట్టాడు. ప్రదర్శన రోజున గిరీశం ఒక చోట మాట మరిచిపోయాడు. తెర చాటున ప్రాంప్టింగ్‌కు కూర్చున్న అమ్మాయి పేజీ వెతుక్కునేలోపే వెంకటేశం, తండ్రంటే తనకున్న భయాన్ని సొంత మాటల్లో మరోసారి వెళ్లబోసుకున్నాడు, గిరీశానికి దారి దొరికింది. చూసేవారికి ఏమీ తెలియలేదు. నాకు ఆ ఏడాది మొత్తంలో అంతకు మించిన ఆనందం లేదు.

సందర్భం వచ్చింది కనుక మైకుల గురించి ఒక మాట చెప్పాలి. బడి వేదికల మీద స్టాండు మైకు నాటకానికి చాలా చేటు చేస్తుంది. పిల్లలు ఒక్కొక్కరే దాని దగ్గరకు నడిచి వచ్చి, తమ మాట సభకు చెప్పి, వెనక్కి వెళ్లిపోతారు. ఎదుటి పాత్ర వైపు తిరిగే వీలే ఉండదు. స్టాండ్లు తీయించి, పైనుంచి రెండు మైకులు వేలాడదీయించండి. అదీ కుదరకపోతే మైకు లేకుండా గొంతెత్తి చెప్పించండి, అంతే గాని స్టాండును మాత్రం ఉంచవద్దు.

చదువు సమయం గురించిన మీ సంకోచం న్యాయమైనదే. మేము చివరి గంట కొట్టాకే రిహార్సల్ పెట్టుకుంటాం, సంక్రాంతి తర్వాత పదో తరగతి పిల్లలను కదిలించం. అయినా నాటకం చదువుకు అడ్డమన్న మాట నేను ఒప్పుకోను. ఇంతకు ముందు నేను ప్రశ్న వేస్తే నా వైపే చూసి జవాబు చెప్పేవారు, ఇప్పుడు ఆ నాటకంలో వేసిన పిల్లలు తరగతిలో పక్కవాడు చెప్పిన దాన్ని అందుకుని, అది ఎందుకు సరికాదో చెబుతున్నారు. తెలుగు నాటకాన్ని మొదట వేదిక ఎక్కించినవారిగా మనం చెప్పుకునే కందుకూరి వీరేశలింగంగారు కూడా ఉపాధ్యాయులే. 1880లో రాజమహేంద్రవరంలో వ్యవహార ధర్మబోధిని నాటకాన్ని ఆయన తన విద్యార్థుల చేతనే ఆడించారు. మనం చేస్తున్నది బడికి బయటి పని కాదు.

ఇక ఆ వెలితి. సాయంత్రాలు ఒక్కసారిగా ఖాళీ అయిపోవడం, పెద్ద తరగతి పిల్లలు బడి విడిచి వెళ్లిపోవడం రెండూ కలిసి వచ్చే బాధ అది. నాకు ఇప్పటికీ తప్పడం లేదు, తప్పించుకోవాలనీ లేదు. వీరేశలింగంగారి పుట్టినరోజైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటాం కదా, పదో తరగతి పరీక్షలు కూడా అప్పటికి ముగుస్తాయి కనుక ఆ రోజున మేము బృందమంతా కూడుతాం. వెళ్లిపోయే పిల్లలు తమ నాటక ప్రతులను, అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న గుర్తులతో సహా, ఎనిమిదో తరగతి వారికి అప్పగించి ఆ గుర్తులను విడమరిచి చెబుతారు. మీరూ ప్రతులను వెనక్కి తీసుకుని బీరువాలో పెట్టేయకండి, పిల్లల చేతనే ఇప్పించండి. జూన్‌లో బడి తెరిచాక కొత్త నాటకానికి వేషాలు పంచేటప్పుడు, అందులో తక్కువ మాటలున్న పాత్ర ఏదో చూసి, దానికి తగిన పిల్లవాడిని అందరికంటే ముందుగా ఎంచుకోండి.