దీపావళికి ఇంట్లోనే మిర్చి బజ్జీ, పానీపూరి: బండి మీది రుచి రావాలంటే

దీపావళి సాయంత్రం పదిహేను మంది చుట్టాలు వస్తున్నారనీ, మిర్చి బజ్జీ, పునుగులు, పానీపూరి, కట్‌లెట్ అన్నీ ఇంట్లోనే చేయాలనుకుంటున్నాననీ, కానీ బజ్జీలు వేసిన కాసేపటికే మెత్తబడిపోతున్నాయనీ అడిగారు. ముందుగా, నాలుగు రకాలూ పెట్టుకోకండి. నూనెలో వేగేది ఒకటి, అప్పటికప్పుడు కలిపి ఇచ్చేది ఒకటి చాలు. పండగపూట మా ఇంట్లో వంట నాదే, నేనైతే బజ్జీ, పానీపూరి ఉంచుకుని మిగతావి వదిలేస్తాను. పునుగులు మర్నాడు మిగిలిన ఇడ్లీ పిండితో వేసుకోవచ్చు.

బజ్జీ బండి దగ్గర ఈసారి కాస్త గమనించండి. సగం వేగినవి ఓ పక్కన గుట్టగా పోసి ఉంటాయి. మనం అడిగాక వాటిని మళ్లీ నూనెలో వేసి ఇస్తారు. కిటుకంతా అక్కడే ఉంది. మొదటిసారి వేసినప్పుడు పిండి ఉడుకుతుంది. పక్కన పెట్టేసరికి కాయలోని తేమ పైపొరకు పట్టి మెత్తబడుతుంది. రెండోసారి వేస్తే ఆ తేమ పోయి కరకరలాడుతుంది. కాబట్టి చుట్టాలు రావడానికి రెండు గంటల ముందు లేత రంగులో తీసేసి, వాళ్లు కూర్చున్నాక ఎర్రగా వేయించండి. రెండోసారికి ముందు ముక్కలుగా కోస్తే అదే కట్ మిర్చి, పిల్లలు దాన్నే ఇష్టంగా తింటారు.

కాయలు లావుగా, లేత ఆకుపచ్చగా ఉండే బజ్జీ మిరపకాయలే తీసుకోండి. కడిగాక పొడిగుడ్డతో బాగా తుడవాలి, లేకపోతే పిండి పట్టదు, పైగా నూనె చిమ్ముతుంది. ఒకవైపే నిలువుగా గాటు పెట్టి, గింజలు తీసి, వాము, ఉప్పు, చిక్కటి చింతపండు గుజ్జు కలిపి నూరిన ముద్ద లోపల రాయండి. ఇది లేని బజ్జీ నాకు బజ్జీలా అనిపించదు.

పిండికి 2 కప్పుల శనగపిండి, 2 టేబుల్ స్పూన్ల బియ్యప్పిండి, ఉప్పు, కొంచెం కారం. నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. కాయ ముంచి పైకెత్తితే పిండి అంటిపెట్టుకుని ఉండి, తొడిమ పట్టుకున్నప్పుడు కొన దగ్గర ఒక్కో బొట్టుగా జారాలి. ధారగా కారిందంటే పల్చనైనట్టే, ఇంకో రెండు చెంచాల శనగపిండి కలపండి. వంటసోడా చిటికెడే, అదీ నూనె కాగాకే. సోడా ఎక్కువైతే బజ్జీలు నూనె తాగేస్తాయి. మూకుడులో ఒకేసారి ఐదారుకి మించి వేయొద్దు, నూనె వేడి పడిపోతుంది. తీసినవాటిని జల్లెడలో పరచండి, మూత పెట్టకండి. న్యూస్‌పేపర్ మీద మాత్రం వేయకండి, అచ్చు సిరా తిండికి అంటుతుందని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా వద్దంటోంది.

పానీపూరికి టెన్షన్ అక్కర్లేదు. పూరీలు కొట్లో కొనేయండి, పండగపూట అవి కూడా ఒత్తుకుంటూ కూర్చోవడం అనవసరం. ఎండు బఠాణీలు ముందురోజు రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కర్లో పసుపు, ఉప్పు వేసి మెత్తగా ఉడికించండి. మన దగ్గర బండ్ల మీద వేడివేడి రగడానే పెడతారు కదా, వడ్డించే ముందు మళ్లీ పొగలు వచ్చేలా కాచండి. పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి, చింతపండు, నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడితో పానీ పొద్దున్నే చేసి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి పులుపు, ఘాటు బాగా కలుస్తాయి. చల్లటి పానీకి ఉప్పు తగ్గినట్టు ఉంటుంది, ఫ్రిజ్‌లోంచి తీశాక ఒకసారి రుచి చూసుకోండి.

ఇంకో సంగతి, దీపావళికి నోము ఉన్న ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. దీపావళి అమావాస్య వెళ్లగానే కార్తీకమాసం కాబట్టి వచ్చేవాళ్లలో ఇంకొందరు కూడా మానేయొచ్చు. ఉల్లిపాయ ముక్కలు దేంట్లోనూ కలపకుండా విడిగా గిన్నెలో పెట్టండి, కావలసినవాళ్లు వేసుకుంటారు.

రెండోసారి వేయించే పని మాత్రం మీ మీద వేసుకోకండి, లేకపోతే మీరు టపాసుల దగ్గరకి కూడా వెళ్లలేరు. పిండి కలపడం, మొదటి వాయి తీయడం అయ్యాక మూకుడు మీ మరిదికో, మీ ఆయనకో అప్పజెప్పేయండి. సన్న సెగ మీద నూనె ఉంచి, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వొద్దని గట్టిగా చెప్పండి.