పాప ఆట తాతగారి కంప్యూటర్‌లో ఆడాలంటే

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బట్టల అంగడి నడుపుతాను. ఏడో తరగతి చదివే మా పాప, బ్లాకులు పేర్చి ప్రోగ్రామ్ చేసే స్క్రాచ్‌లో, రాలే పండ్లను బుట్టలో పట్టే ఆట ఒకటి చేసింది. పెన్‌డ్రైవ్‌లో వేసి రాయచోటిలోని వాళ్ళ తాతకు పంపితే అక్కడ తెరుచుకోలేదు. వాళ్ళ ఇంట్లో నెట్ లేదు. ఇక్కడ కోచింగ్ సెంటర్‌లో అడిగితే, 'స్క్రాచ్ చిన్నపిల్లలది. పైఇన్‌స్టాలర్ నేర్పిస్తాం, ఈఎక్స్‌ఈ ఫైలే వస్తుంది' అంటున్నారు. రెండింటిలో ఏది మంచిది మేడమ్?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: ఈ రెండింటికీ పోటీ లేదండీ. చీర నేసేది మగ్గం మీద. దాన్ని పార్సెల్ కట్టి ఊరికి పంపడం వేరే పని. ఆట తయారుచేసే స్క్రాచ్ మొదటిది. తయారైన ప్రోగ్రామ్‌ను విండోస్‌లో నేరుగా తెరుచుకునే ఈఎక్స్‌ఈ ఫైల్‌గా కట్టే పైఇన్‌స్టాలర్ రెండోది. పైగా పైఇన్‌స్టాలర్ కట్టేది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రామ్‌లనే. పాప ఆటను అది ముట్టుకోదు. ఇప్పుడు దానికి ఫీజు కట్టకండి.

'చిన్నపిల్లలది' అన్న మాట నాకు బాధ కలిగించింది. కడపలో పిల్లలకు కంప్యూటర్ చెప్పేదాన్ని కాబట్టి ఆ ఆటలో ఎంత పని ఉందో తెలుసు. పండు మళ్ళీ మళ్ళీ రాలాలంటే లూప్ కావాలి. బుట్టకు తగిలిందా లేదా చూడాలంటే షరతు రాయాలి. స్కోరును గుర్తుపెట్టుకోవడానికి వేరియబుల్ ఉండాలి. రేపు పైథాన్‌లోనూ పాపకు ఎదురయ్యేవి ఇవే. అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో స్క్రాచ్‌ను విడుదల చేసింది, ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ల వాళ్ళ కోసం. మీ పాపది సరిగ్గా ఆ వయసే.

ఇక ఫైల్ ఎందుకు తెరుచుకోలేదంటే, స్క్రాచ్ ఇచ్చే ఎస్‌బీ3 ఫైల్‌లో పాప పేర్చిన బ్లాకులు, బొమ్మలు, శబ్దాలు మాత్రమే ఉంటాయి. వాటిని చదివి ఆడించే స్క్రాచ్ ఆ కంప్యూటర్‌లో ఉండాలి. నెట్ లేకుండా పనిచేసే స్క్రాచ్ యాప్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఇక్కడే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పంపి, అక్కడ ఇన్‌స్టాల్ చేయించవచ్చు.

నాకు ఇంకా నచ్చే దారి టర్బోవార్ప్ ప్యాకేజర్. స్క్రాచ్ వాళ్ళది కాదు, వేరేవాళ్ళు చేసిన ఉచిత సాధనం. అందులో ఎస్‌బీ3 ఫైల్ ఇస్తే, ఆటనూ ఆడించే ఇంజన్‌నూ కలిపి ఒకే హెచ్‌టీఎమ్ఎల్ ఫైల్‌గా ఇస్తుంది. తాతగారు దానిమీద డబుల్ క్లిక్ చేస్తే క్రోమ్‌లో తెరుచుకుంటుంది, నెట్ అక్కర్లేదు. అది ఈఎక్స్‌ఈ కూడా చేసిస్తుంది కానీ నేను వద్దంటాను. తెలియనివాళ్ళ ఈఎక్స్‌ఈని చూస్తే విండోస్ తరచూ హెచ్చరిక చూపిస్తుంది, పెద్దాయనకు అనవసరమైన టెన్షన్. ఫోన్‌లోనూ ఆడాలనుకుంటే, బాణం కీలకు బదులు తెర మీదే బటన్లు పెట్టమని పాపకు చెప్పండి.

పాప పైథాన్‌కు వెళ్ళాక పైఇన్‌స్టాలర్ ఎలాగూ పనికొస్తుంది. అదీ ఉచితమే. విండోస్ కోసం ఈఎక్స్‌ఈ కావాలంటే విండోస్ మీదే చేయాలి, అది గుర్తుంచుకుంటే చాలు.

ఎస్‌బీ3 ఫైల్‌ను మాత్రం చెరపకండి. పాప ఆటలో మార్పులు చేయాలంటే అదే కావాలి.