రేడియో లాక్ విడిపోయేదాకా కారు బ్యాటరీ దిగిపోకుండా ఎలా?

దొంగతనం జరగకుండా కారు రేడియో అడిగే సెక్యూరిటీ కోడ్‌ని కొన్నిసార్లు తప్పుగా కొడితే చాలా రేడియోలు లాక్ అయిపోతాయి. గంటసేపో ఇంకా ఎక్కువో ఆన్‌లో ఉంచితేనే మళ్లీ కోడ్ తీసుకుంటాయి. మధ్యలో కరెంటు తెగితే లెక్క మొదటికొస్తుంది. మధ్యలో ఇంజిన్ స్టార్ట్ చేసినా అదే ప్రమాదం: స్టార్టర్ తిరిగేటప్పుడు యాక్సెసరీ లైను (రేడియో లాంటివాటికి కరెంటు ఇచ్చేది) ఆగిపోతుంది.

అందుకే ముందే ఆటోమేటిక్ ఛార్జర్ తగిలించండి, 4–10 ఆంపియర్లది చాలు. ఎరుపు క్లిప్పు ప్లస్‌కి, నలుపుది బ్యాటరీకి దూరంగా పెయింట్ లేని ఇంజిన్ లోహానికి, ప్లగ్గు ఆఖర్న. ఛార్జర్‌లో బూస్ట్ మోడ్ (ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇచ్చేది) మాత్రం వద్దు, వోల్టేజి ఎగిరితే ఎలక్ట్రానిక్స్‌కి ముప్పు.

తాళం యాక్సెసరీలో ఉంచి లైట్లు, ఫ్యాన్ ఆపేయండి. మొదలెట్టే ముందు మల్టీమీటర్‌లో 12.2 వోల్టుల లోపు చూపిస్తే బ్యాటరీ సగానికి దిగినట్టే, ముందు దాన్ని నింపండి.