సమాధానం: పురుగు అక్షరం ఒకటా, మూడా?

జపనీస్ పాఠంలో పురుగు అనే మాటకి చైనీస్ లిపిలోని ఒకే చిన్న అక్షరం (虫) ఉందని, తైవాన్ పుస్తకంలో దాన్నే మూడుసార్లు పేర్చి (蟲) రాశారని, ఏది తప్పని అడిగారు. రెండూ సరైనవేనండి.

పైన ఒకటి, కింద రెండు పేర్చిన 18 గీతల రూపమే పాతది. తైవాన్, హాంకాంగ్‌లలో ఇప్పటికీ అదే రాస్తారు. జపాన్ 1940లలో, చైనా 1950లలో 6 గీతల ఒంటి రూపాన్ని అధికారికం చేశాయి. నిజానికి ఆ ఒంటి రూపం మొదట విషసర్పానికి వాడిన వేరే అక్షరం! పాము, కప్ప, రొయ్య, ఆఖరికి ఇంద్రధనుస్సు అక్షరాల్లోనూ ఎడమవైపు అదే ఉంటుంది. పూర్వం ఇంద్రధనుస్సును ఆకాశంలోని పాములాంటి ప్రాణి అనుకునేవారట. నాకు ఎంతో ఇష్టమైన అక్షరం అది.

'కీటకం' అనే మాట చైనీస్‌లో ఖున్‌ఛుంగ్, జపనీస్‌లో కొన్‌చూ, కొరియన్‌లో గొన్‌చుంగ్, వియత్నామీస్‌లో కోన్‌చుంగ్. చివరి రెండు భాషల్లో మాట మిగిలింది, రోజువారీ రాతలో అక్షరం పోయింది.

జపనీస్‌లో పురుగు అక్షరం విడిగా వస్తే 'ముషి' అని చదవండి. 'హొన్ నొ ముషి' అంటే అచ్చంగా మన పుస్తకాల పురుగే! మీ జపనీస్ పరీక్షలో మాత్రం ఒంటి రూపమే రాయండి.