సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు: ముందు పంపు చప్పుడు విను

తమ్ముడూ, నీ కారు సెల్ఫ్ గట్టిగానే తిరుగుతోందన్నావు. మరి బ్యాటరీ మార్చమన్న మెకానిక్ మాట పక్కన పెట్టు. పాటలు ఆపి తాళం ఆన్‌లో పెట్టు, సెల్ఫ్ కొట్టకు. వెనక సీటు కింద, ట్యాంకులోంచి పెట్రోలు తోడే పంపు రెండు సెకన్లు 'జుయ్'మని ఆగాలి. మోగలేదా, ఫ్యూజు చూడు. బాగుంటే పంపు రిలే, అంటే దానికి కరెంటు వదిలే చిన్న స్విచ్చు డబ్బా, తీసి, అదే నంబరుంటే హారన్ రిలే అక్కడ గుచ్చు. స్టార్టయితే చవకలో బయటపడ్డట్టే. లేకపోతే ఎర్తు వైరు బాడీకి బిగించిన బోల్టు చూడు. కళింగపట్నంలో ఉంటున్నావు కదా, ఉప్పుగాలికి ఆ బోల్టు కింద తుప్పు పొడిపొడిగా రాలుతుంది. గరుకు కాయితంతో రుద్ది బిగించు. పంపు మోగుతున్నా అందుకోకపోతే ప్లగ్గు తీసి నిప్పురవ్వ వస్తోందా చూడాలి. రవ్వ కూడా లేదంటే, ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ మీదే నా అనుమానం. అప్పుడు శ్రీకాకుళం తీసుకెళ్ళి లోపం చదివే స్కానర్ పెట్టించు, తోసి స్టార్ట్ చేయాలని చూడకు.